బొమ్మ సైనికులు – చరిత్ర అధ్యయనం

మా అబ్బా సింగరేణి గనిలో పనిచేసే రోజుల్లో, ఒక జీతం నాటి సాయంత్రం గోదావరిఖని బజారు నుండి నాకొక చిన్న పొట్లం తెచ్చారు. అందులో ఆకుపచ్చని ప్లాస్టిక్ సైనికులు పన్నెండుగురు ఉన్నారు. నెత్తిన ఇనుప టోపీలు, చేతుల్లో తుపాకులు. వారిని గడప మీద బారులు తీర్చి నేను మురిసిపోతుండగా మా నానీ అడిగింది: "వీళ్ళు ఏ ఊరి సిపాయిలు బేటా?" నా వద్ద సమాధానం లేదు. చిన్నదిగా కనిపించిన ఆ ప్రశ్నలో ఒక చరిత్ర పాఠమే ఇమిడి ఉన్నదని అధ్యాపకుడనైన తరువాత గాని నాకు తెలియలేదు.

సైన్యాన్ని చిన్న బొమ్మలుగా మలచుకొనే అలవాటు అతి ప్రాచీనమైనది. ఈజిప్టులోని అస్యూత్ వద్ద మెసెహ్తీ అనే అధికారి సమాధిలో సుమారు 4000 ఏండ్ల నాటి కొయ్య సైనికులు లభించారు. వారిలో 40 మంది డాళ్ళు, ఈటెలు ధరించిన ఈజిప్టువారు. 40 మంది విల్లమ్ములు పట్టిన నూబియావారు. ఆ కాలపు సైనికుని వేషం, ఆయుధం, నడక ఎట్టివో ఆ బొమ్మలు నేటికీ చెబుతున్నాయి.

ఇక మన దేశం సంగతి. రథ గజ తురగ పదాతులనే చతురంగ బలాలను గళ్ళ పలక మీద నిలిపి ఆడుకొన్నది మనవారే. ఇక్కడి చతురంగమే పారశీకానికి వెళ్ళి షత్రంజ్ అయింది. తెలుగులో మనం 'బంటు' అనే పావును ఉర్దూలో 'ప్యాదా' అంటారు. సంస్కృతంలోని పదాతి, పారసీలోని పియాదా అనే రెండు మాటలలోనూ ఉన్నది పాదమే. కాలినడకన యుద్ధానికి వెళ్ళే సామాన్యుడే ఆ బంటు.

ఐరోపాలో మొదట తగరంతో, తరువాత సీసంతో బొమ్మ సైనికులను పోతపోశారు. ఇంగ్లండులో బ్రిటెన్స్ సంస్థ 1893లో లోపల గుల్లగా ఉండే సీసపు బొమ్మలను తెచ్చి, వాటి ధరను మధ్యతరగతికి అందుబాటులోకి తీసుకువచ్చింది. 1959 నుండి ఎయిర్‌ఫిక్స్ సంస్థ అంగుళం కంటె చిన్నవైన ప్లాస్టిక్ సైనికులను పెట్టెలుగా అమ్మసాగింది. హైదరాబాదులో మూడవ సాలార్‌జంగు సేకరించిన వస్తువుల నడుమ బొమ్మ సైనిక దళాలు కూడా ఉన్నాయి. ఆయన మ్యూజియంలోని బాలల విభాగాన్ని చూసినవారికి ఆ సంగతి తెలుసు.

ఈ పెట్టెలను సేకరించేవారు తమకు కావలసిన సైన్యాలకు ఒక జాబితా వ్రాసుకొంటారు; ఇంతవరకు ఎవరూ తయారుచేయని దళం కోసం ఏండ్ల తరబడి ఎదురుచూస్తారు. దానికి కారణం ఉన్నది. ప్లాస్టిక్ బొమ్మకు ముందుగా ఉక్కు అచ్చు చెక్కించాలి. అచ్చుకు ఖర్చు అధికం. అచ్చు సిద్ధమైన పిమ్మట ఒక్కొక్క బొమ్మకయ్యే ఖర్చు స్వల్పం. కనుక వేల సంఖ్యలో అమ్ముడుపోయే సైన్యాలకే అచ్చులు పడతాయి. రోమనులు, నెపోలియను సైనికులు, ప్రపంచ యుద్ధాల యోధులు పదే పదే వచ్చేది అందువల్లనే. మా నానీ ప్రశ్నకు సగం జవాబు ఇదే.

మిగిలిన సగం మన చేతిలో ఉన్నది. ఓరుగల్లు కాకతీయుల సైనికుల పెట్టె ఒకటి కావాలని నా చిరకాల వాంఛ. మన పిల్లలు విహారయాత్రకు రామగిరి ఖిల్లా ఎక్కుతారు. గోడలు చూస్తారు, బురుజులు చూస్తారు. ఆ బురుజు మీద రాత్రంతా మేలుకొని కాపలా కాసినవాడు ఎట్లుండేవాడో ఊహించలేరు. వాని తలపాగా ఎట్టిది? డాలు గుండ్రనిదా, పొడవైనదా? కాళ్ళకు చెప్పులున్నవా? బొమ్మ చేయబూనినవాడు ఈ ప్రశ్నలను తప్పించుకోలేడు. పాఠ్యపుస్తకంలో "సైన్యం తరలింది" అని ఒక్క వాక్యం వ్రాసి ఊరుకోవచ్చు; బొమ్మకు మాత్రం చెప్పులు తొడగాలో వద్దో తేల్చి తీరాలి. అందుకు 1213 నాటి రామప్ప గుడి శిల్పాలను, ఊరి పొలిమేరల్లోని వీరగల్లులను, శాసనాలను పరిశీలించాలి. ఇదే చరిత్ర అధ్యయనం.

శాసనం అనగానే రాజుల ప్రశస్తి అని తలచవద్దు. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం 1289 నవంబరు నాటిది. కాకతి రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరగా, వారి పుణ్యార్థం భూమిని దానం చేసి దానిని వేయించినవాడు పువ్వుల ముమ్మడి. అతడు రాజు కాడు, మంత్రి కాడు. మల్లికార్జున నాయకుని కొలిచిన ఒక బంటు. రుద్రమదేవి పాలన 1295 ప్రాంతం వరకు సాగిందని తలచిన చరిత్రకారులు ఈ శాసనం వల్ల తమ లెక్కను సవరించుకొన్నారు. ఒక మహారాణి మరణకాలాన్ని మనకు తెలిపినవాడు ఒక కాలిబంటు! అట్టివానికి ఒక బొమ్మ అయినా లేకపోవడం మన లోపమే.

సైనికుల బొమ్మలు పిల్లలకు యుద్ధోన్మాదం నేర్పవా అని కొందరు పెద్దలు శంకించవచ్చు. ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ 1913లో బొమ్మ సైనికుల ఆట నియమాలతో ఒక గ్రంథం వెలువరించి, ఈ చిన్న యుద్ధమే నిజమైన యుద్ధానికి విరుగుడని వాదించాడు. మరుసటి ఏడే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆటవల్ల యుద్ధాలు ఆగవన్నది స్పష్టం. అయినా బొమ్మను చేతబట్టి "ఇతడు ఎవరి బిడ్డ, ఏ ఊరివాడు, తిరిగి ఇల్లు చేరాడా" అని అడగడం నేర్చినవాడు యుద్ధాన్ని తేలికగా కోరుకోడని నా విశ్వాసం. గని దిగిన మనిషి పైకి వచ్చేవరకు గుమ్మంలో ఎదురుచూసే మన ఇండ్లకు ఆ ప్రశ్న కొత్తది కాదు.

విద్యార్థులారా, ఉక్కు అచ్చు మన శక్తికి మించినది కావచ్చు. మట్టి మించినది కాదు. గోదావరికి ఆవలి ఒడ్డున నిర్మల్‌లో తేలికైన పొనికి కొయ్యతో బొమ్మలు చేసే కళాకారులున్నారు. వారి వద్ద పనితనం నేర్చుకోవచ్చు. రామప్పకు వెళ్ళి శిల్పాలను చూచి చిత్రాలు గీయండి. మీ ఊరి వీరగల్లును కొలిచి వ్రాసుకొని రండి. ఈ ఏడు పదిమంది బంట్లను చేయగలిగితే చాలు. కళాశాల కమిటీ పెద్దలు గ్రంథాలయంలో ఒక అద్దాల బీరువా అర కేటాయించవలసిందిగా మనవి. ప్రతి బొమ్మ కింద రెండు చీటీలుండాలి: ఒకటి తెలుగులో, ఒకటి ఉర్దూలో. "వీళ్ళు ఏ ఊరి సిపాయిలు?" అని ఎవరు అడిగినా, రెండు భాషలలోనూ జవాబు సిద్ధంగా ఉండాలి.