మూడు రోజుల్లో హైదరాబాద్

ప్రశ్న: అమ్మానాన్నలు, ఇద్దరు పిల్లలతో తొలిసారి హైదరాబాద్ వెళ్తున్నాం. ఉండేది మూడు రోజులే. ఏ రోజు ఏం చూడాలి?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: ముందు చూడాల్సిన వాటిని దిక్కులవారీగా విడదీయండి. చార్మినార్, మక్కా మసీదు, చౌమహల్లా ప్యాలెస్, సాలార్‌జంగ్ మ్యూజియం పాతబస్తీ వైపే కాబట్టి వాటికి ఒక రోజు. గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులు నగరానికి పడమట పక్కపక్కనే ఉన్నాయి. వాటికి మరో రోజు. బిర్లా మందిర్, హుస్సేన్‌సాగర్ మూడో రోజుకు ఉంచండి.

తర్వాత సెలవులు చూసుకోండి. సాలార్‌జంగ్, చౌమహల్లా శుక్రవారం తెరవరు. మక్కా మసీదు దగ్గర ఆ మధ్యాహ్నం నమాజు రద్దీ ఉంటుంది. అందుకే పాతబస్తీకి శుక్రవారం వద్దు.

సాలార్‌జంగ్‌లో చూసేది చాలా ఉంది, పూట పడుతుంది. అలిసిపోతే చౌమహల్లా మానేయండి, తొందరపడి తిరగొద్దు.

గోల్కొండకు పొద్దున్నే బయల్దేరండి. మెట్లెక్కువ, ఎండెక్కితే పెద్దవాళ్లకు కష్టం. వాళ్లు కోట ద్వారం కిందే ఆగి చప్పట్లు కొడితే, ఆ చప్పుడు కొండమీదున్న పిల్లలకు వినిపిస్తుంది. అలా ఎక్కలేనివాళ్లకూ కోట చూసిన సంతోషం దక్కుతుంది.

రోజూ మధ్యాహ్నం భోజనమయ్యాక రెండు గంటలు విశ్రాంతికి వదలండి. పెద్దవాళ్లు, పిల్లలు ఉన్న ప్రయాణానికి అది తప్పనిసరి.