మా వంశమే పొట్టి!

అంగనవాడీలో ఆరోజు పిల్లల ఎత్తు కొలుస్తున్నారు. టీచర్ ఒక బిడ్డను గోడకు ఆనించి నిలబెట్టి కొలిచింది. "వయసుకు తగిన ఎత్తు లేదమ్మా" అంది.

"మా వంశమే పొట్టి మేడం. వాళ్ల నాయన పొట్టి, వాళ్ల తాతా పొట్టే" అంది అవ్వ.

అవ్వ చెప్పింది అబద్ధం కాదు. అయితే అది సగం నిజమే.

అమ్మానాన్నల పోలిక బిడ్డకు వస్తుంది. ముక్కు వచ్చినట్టే ఎత్తూ వస్తుంది. కానీ విత్తనం ఒక్కటే చాలదు గదా. ఒకే మూటలోని శెనక్కాయ విత్తనాలు రెండు చేలల్లో వేయండి. అదనుకు వాన పడిన చేలో చెట్టు ఏపుగా వస్తుంది. వాన పడని చేలో గిడసబారుతుంది. అనంతపురం ఆడవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

చైనా దేశం సంగతి వినండి. 1959 నుంచి 1961 దాకా అక్కడ ఘోరమైన కరువు వచ్చింది. కోట్ల మంది చనిపోయారు. ఆ ఏళ్లలో పసిబిడ్డలుగా ఉండి బతికినవారు పెద్దయ్యాక కూడా కొంత పొట్టిగానే మిగిలారు. ఆ తర్వాత కాలంలో తిండి మెరుగుపడింది. గుడ్లు, పాలు, మాంసం ఇళ్లలోకి వచ్చాయి. పిల్లల జబ్బులు తగ్గాయి. 1985లో అక్కడి 19 ఏళ్ల అబ్బాయిల సగటు ఎత్తు ఎంతో చూశారు. 2019లో మళ్లీ చూస్తే సుమారు 8 సెంటీమీటర్లు పెరిగింది. అంటే మీ చేతి నాలుగు వేళ్లు కలిపిపెడితే ఎంత వెడల్పో అంత! అమ్మాయిలు సుమారు 6 సెంటీమీటర్లు పెరిగారు. వంశం అదే. తిండి మారింది.

(సగటు అంటే ఏమిటి? అందరి ఎత్తులూ కలిపి, ఎంతమంది ఉన్నారో అంతతో భాగిస్తే వచ్చేది సగటు.)

చైనా దాకా ఎందుకు? హైదరాబాదు దగ్గర ఊళ్లలోనూ ఈ సంగతి తేలింది. అక్కడ జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఆ సంస్థ వాళ్లు 1987 నుంచి 1990 దాకా 29 ఊళ్లను చూశారు. 15 ఊళ్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు ఉప్మా పెట్టారు. మిగతా 14 ఊళ్లకు ఆ పథకం అప్పటికింకా రాలేదు. ఆ పిల్లలు 13 ఏళ్లు దాటాక మళ్లీ కొలిచారు. ఉప్మా పెట్టిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు ఉన్నారు. ఇంతేనా అంటారేమో. అప్పుడు తల్లి తిన్న తిండి, పసితనంలో బిడ్డ తిన్న తిండి, అన్నేళ్ల తర్వాత కూడా కొలతలో కనబడింది. అది చిన్న విషయం కాదు.

బిడ్డ ఎత్తుకు పునాది ఎప్పుడు పడుతుంది? కడుపులో పడిన రోజు నుంచి రెండేళ్లు నిండేదాకా. లెక్కవేస్తే సుమారు 1000 రోజులు. పుట్టినప్పుడు బిడ్డ పొడవు సుమారు 50 సెంటీమీటర్లు. ఏడాదికి 75 దాకా వస్తుంది. రెండేళ్లకే, పెద్దయ్యాక ఉండే ఎత్తులో దాదాపు సగం వచ్చేస్తుంది. అందుకే ఆ రోజుల్లో తల్లికి కడుపునిండా తిండి కావాలి. ఆరు నెలలు నిండేదాకా బిడ్డకు తల్లిపాలు మాత్రమే చాలు. ఆ తర్వాత పాలతో పాటు మెత్తగా పిసికిన పప్పన్నం, రాగిజావ, గుడ్డు, ఆకుకూర పెట్టాలి.

తిండి ఒక్కటే కాదు. మాటిమాటికీ విరేచనాలు పట్టుకుంటే తిన్నది ఒంటబట్టదు. పాడునీళ్లు, ఆరుబయట దొడ్డికి పోవడం, కడుపులో పురుగులు, ఇవన్నీ ఎదుగుదలను తినేస్తాయి.

మన జిల్లాలో ఏడాదికి సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. పంట పోతే ముందు ఏది తగ్గుతుంది? పప్పు తగ్గుతుంది, పాలు తగ్గుతాయి. సంగటి, పచ్చడి మిగులుతాయి. కూలికి బెంగళూరు పోతే బిడ్డకు అంగనవాడీ తిండి కూడా తప్పుతుంది. పండిన ఏడు మాత్రం? శెనక్కాయల మూటలన్నీ మార్కెట్టుకు పోతాయి. బిడ్డ నోటికి గుప్పెడు కూడా మిగలవు. ఇక ఇంట్లో చివరికి తినేది ఎవరో మీకు తెలుసు. కడుపుతో ఉన్న కోడలు కూడా చివరనే తింటే, లోపలి బిడ్డకు ఏం అందుతుంది?

2019-21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్లలోపు పిల్లలు 100 మందిలో 31 మంది వయసుకు తగిన ఎత్తు లేరు.

రెండేళ్లు దాటితే ఇక ఆశ లేదా? ఉంది. 2002లో "యంగ్ లైవ్స్" అనే పరిశోధన మొదలైంది. అందులో అనంతపురం జిల్లా పిల్లలు కూడా ఉన్నారు. కరువు దెబ్బ తిన్న ఇళ్ల పిల్లలు కొందరు బడిలో మధ్యాహ్న భోజనం తిన్నారు. వాళ్లు పోగొట్టుకున్న ఎదుగుదలను చాలావరకు పూడ్చుకున్నారు. మన రాష్ట్రంలో ఆ భోజనం 2003 జనవరిలో మొదలైంది. బడి మాన్పిస్తే బిడ్డకు చదువుతో పాటు ఆ భోజనం కూడా పోతుంది.

ఆడపిల్లకు పెళ్లి తొందర వద్దనడానికి ఇదీ ఒక కారణమే. తన ఒళ్లే ఇంకా ఎదుగుతున్న పిల్ల, కడుపులోని బిడ్డకు ఏం పంచుతుంది?

ఇప్పుడు మీకు అంకెలు వచ్చు. అంగనవాడీలో బిడ్డ కార్డు అడిగి చూడండి. రెండేళ్లలోపు బిడ్డను పడుకోబెట్టి కొలవాలి. పెద్ద బిడ్డను చెప్పులు లేకుండా, మడమలు గోడకు ఆనించి కొలవాలి. తేదీ, ఎత్తు మీ చేత్తోనే ఒక నోటుబుక్కులో రాయండి. ఆరు నెలలకు మళ్లీ కొలిచి దాని కిందనే రాయండి. అంకె పెరగకపోతే ఆ పుస్తకం పట్టుకుని టీచర్ దగ్గరికో, ఏ.ఎన్.ఎం. దగ్గరికో వెళ్లి అడగండి.