మాల వేసుకునే ముందు

సుధాకర్,

ఈ ఏడు అయ్యప్ప మాల వేసుకుంటానని రాశావు, సంతోషం. అయితే మీ అన్నతో మాటల్లేకుండానే దీక్ష పూర్తి చేయాలనుకోవడం నాకు నచ్చలేదు. 41 రోజులు చాప మీద పడుకుని, చన్నీళ్ల స్నానం చేసి, నోరు కట్టుకోగల మనిషికి పక్కింటి గడప తొక్కడం ఎందుకు కష్టం కావాలి? దేవుడి ముందు తల వంచినంత తేలిగ్గా తోబుట్టువు ముందు వంచలేం. యూదులు ఈ బలహీనతను ఏనాడో గుర్తుపట్టారు. వాళ్ల ఎలూల్ నెల సంగతి అందుకే చెబుతున్నాను. మనకు పట్టని విషయం అనుకోకు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనే ఎఫ్రాయిమ్ యూదులున్నారు, వాళ్లకు సొంత ప్రార్థనాలయమూ ఉంది.

ఎలూల్ ఆగస్టు, సెప్టెంబరు రోజుల్లో వస్తుంది. ఆ నెల మొదటి రోజు నుంచి యోమ్ కిప్పుర్ ఉపవాసం దాకా దాదాపు 40 రోజులు. చాలాచోట్ల ఆ నెలలో, శనివారాలు తప్ప, పొద్దుటి ప్రార్థనలో పొట్టేలు కొమ్ము ఊదుతారు. ఇంత చేసినా ఉపవాసంతో అన్నీ మాఫీ కావు. దేవుడి పట్ల చేసిన తప్పుకు ఆ రోజు క్షమాపణ దొరుకుతుంది గానీ, సాటి మనిషికి చేసిన అన్యాయం అతణ్ణి సమాధానపరిచేదాకా తీరదని దాదాపు 1800 ఏళ్ల కిందటి యూదుల ధర్మగ్రంథం మిష్నా తేల్చింది. 12వ శతాబ్దంలో యూదు పండితుడు మైమోనిడిస్ దాన్ని ఇంకా విడమరిచాడు. తీసుకున్న సొమ్ము తిరిగిచ్చినా సరిపోదు, వెళ్లి అడగాలి. ఒప్పుకోకపోతే ముగ్గురు స్నేహితులను వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లాలి, అలా మూడుసార్లు. అప్పటికీ కాదంటే దోషం అతనిదే. నొచ్చుకున్నవాడు చనిపోయి ఉంటే పదిమందితో సమాధి దగ్గరికి వెళ్లి తప్పు ఒప్పుకోవాలి. మనసులో అనుకుని ఊరుకోవడానికి ఎక్కడా సందు ఇవ్వలేదు చూడు.

పంచాంగం చూసి పశ్చాత్తాపపడటం నాటకం కాదా అంటావేమో. మన కావేరిపాక్కం చెరువు కట్టకు మరమ్మతు తమిళ ఐప్పసి మాసపు వానలు పడ్డాక మొదలుపెడితే ఏమవుతుంది? గడువు లేని మంచిపని వాయిదాల్లోనే పోతుంది. ఇక అన్నయ్య తప్పు కూడా ఉంది కదా అంటావు. ఉండొచ్చు. నిన్ను అడగమన్నది నీ వంతు తప్పుకే, ఆయనది నీ ఖాతాలో వేసుకోమనలేదు. ముందు వెళితే అలుసవుతామన్న భయం కూడా నిజమే. ఎవరైనా చులకన చేయొచ్చు కూడా. అయితే ఆ భయంతోనే ఆగిపోతే దీక్షలో నువ్వు అణచదలచిన అహంకారం మాల కింద భద్రంగానే ఉంటుంది. మంచంమీద నిద్ర మానడం కంటే అది మానడం నీకు ఎక్కువ అవసరమని నా అభిప్రాయం.

ఉమ్మడి బావి మోటారు వంతులో నువ్వు అదనంగా వాడుకున్న రోజులు ఎన్నో నీకే తెలుసు. కార్తీకం రాకముందే ఆ రోజులు అన్నకు వదిలిపెట్టి, నోరు తెరిచి ఒక మాట అడుగు. ఆయన తలుపు వేసుకుంటే రెండోసారికి నన్ను పిలువు, నేనూ వస్తాను.

ఇట్లు,
మీ మామయ్య,
కావేరిపాక్కం