మన తుంగభద్ర సముద్రమున గలియుచోటు: దివిసీమ

కుడతినిలో పుట్టి పెరిగిన బాలబాలికలలో సముద్రమును చూచినవారు మిక్కిలి తక్కువ. మన కన్నులకు నిత్యము కానవచ్చునవి ఎఱ్ఱని సండూరు కొండలును, నల్లరేగడి చేలును, హొసపేట మార్గమునందలి బూడిదదిబ్బయును. నవీన శిలాయుగమునాటి పశుపాలకుల మందలలో ప్రోగుపడిన పేడ కాలిపోగా ఏర్పడిన ఆ దిబ్బను చూచుటకు దూరదేశముల పండితులు వచ్చిరి. మనమో, తల త్రిప్పకయే దాని ప్రక్కనుండి పోవుదుము. అది యటులుండనిండు. సముద్రమునకు ఇంత దూరమున నున్నను, మన యూరికిని దానికిని ఒక చుట్టరికము కలదు. మన నేలపై గురిసిన వాననీరు వాగులవెంట తుంగభద్రను జేరును; తుంగభద్ర సంగమేశ్వరముకడ కృష్ణను గలియును; కృష్ణ దివిసీమకడ బంగాళాఖాతమున గలియును. సముద్రమును చూడగోరు మన విద్యార్థులు విశాఖపట్టణమువంటి నగరతీరములకు పోవుటకంటె, ముందుగా మన నీరు పోయినచోటికే పోవుట మేలని నా అభిప్రాయము.

బళ్లారినుండి గుంతకల్లు, నంద్యాల, గుంటూరు మీదుగా రైలులో విజయవాడ చేరవచ్చును. అచ్చటినుండి అవనిగడ్డకు పోవు బస్సు ఉయ్యూరు, పామర్రు దాటి కూచిపూడి గ్రామముగుండా సాగును. నాట్యమునకు తన పేరునిచ్చిన ఆ ఊరు చూచుటకు చిన్న పల్లెయే. పదకర్త క్షేత్రయ్యదిగా చెప్పబడు మొవ్వ దానికి చేరువనే యున్నది. చల్లపల్లికి పడమటగా, కృష్ణయొడ్డున శ్రీకాకుళమను గ్రామము కలదు. ఉత్తరాంధ్రమందలి శ్రీకాకుళ పట్టణము వేరు, ఇది వేరు. కళింగదండయాత్రకు బయలుదేరిన శ్రీకృష్ణదేవరాయలు త్రోవలో ఇచ్చట ఆంధ్రమహావిష్ణువును సేవించి, ఏకాదశి నాటి రాత్రి స్వప్నమున ఆ దేవుని ఆనతిని పొంది ఆముక్తమాల్యదను రచింప బూనెనని ఆ కావ్యపీఠికయే చెప్పుచున్నది. హంపీ మనకు పొరుగూరు. అచ్చటి తుంగభద్రాతీరమునుండి వచ్చిన రాజునకు, ఆ నీరే పారు మరొక తీరమున తెలుగు కావ్యము వ్రాయుమని ఆజ్ఞ లభించినది. మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుడు లింగాకారమున, సర్పము చుట్టుకొన్నట్టి పీఠముపై నుండును. సండూరు కుమారస్వామిని ఎరిగిన మనవారికి ఈ క్షేత్రము పరాయిదిగా దోపదు.

పులిగడ్డ యొద్ద కృష్ణ రెండు పాయలుగా చీలును. ఆ పాయల నడుమ సముద్రమువరకు పరచుకొన్న పల్లపు నేలయే దివిసీమ. ఇచ్చట గట్టు లేదు, గుట్ట లేదు, రాయి లేదు. గులకరాతికొరకు వెదకినను దొరకుట దుర్లభము. ఏలయన, ఈ నేల యంతయు నది తెచ్చి పోసిన ఒండ్రుమట్టి. నది వేగముగా పారునపుడు మట్టిని మోసికొనిపోవును. సముద్రము నెదుర్కొని వేగము తగ్గగానే దానిని జారవిడుచును. వేలయేండ్లు ఇట్లు జారవిడిచిన మట్టియే వరిచేలై, అరటితోటలై, ఊళ్లయి నిలిచినది. సహ్యాద్రినుండియు మన మెట్టభూములనుండియు కొట్టుకొనిపోయిన మట్టియు అందు కలదు.

తూర్పుపాయ సముద్రమున గలియుచోట హంసలదీవి యున్నది. అచ్చట వేణుగోపాలస్వామి దేవాలయము కలదు. మాఘపూర్ణిమనాడు వేలకొలది జనులు సాగరసంగమమున స్నానము చేయుదురు. పాపములతో నల్లనైన కాకి యొకటి ఇచ్చట మునిగి తెల్లని హంసయైనదనియు, అందుచే ఊరికి ఈ పేరు వచ్చినదనియు ఐతిహ్యము. నదీజలము మట్టిరంగుననుండి సముద్రపు నీలిమలో కరగిపోవుట కొన్ని వేళల స్పష్టముగా కానవచ్చును.

ఇచ్చట విద్యార్థులకు ఒక హెచ్చరిక చేయవలసియున్నది. మన పిల్లలు కాలువలలోను చెరువులలోను ఈత నేర్చినవారే. ఆ ధైర్యమే ఇచ్చట వారికి శత్రువు. కాలువనీరు ఒక్క దిక్కుననే పారును; సముద్రము వచ్చును, పోవును. ఒడ్డునకు వచ్చిన కెరటములనీరు తిరిగి పోవుటకు ఇసుకమెట్టల నడుమ సన్నని త్రోవ చేసికొనును. ఆ చోట కెరటములు విరుగక నీరు నెమ్మదిగా నున్నట్లు కానవచ్చును. తెలియనివాడు అదే మంచిచోటని దిగును. ఆ ప్రవాహము మనుజుని లోనికి ఈడ్చుకొనిపోవును. దానికెదురీదినవాడు అలసి మునుగును. అట్టి యాపద కలిగినచో బెదరక, ఒడ్డునకు సమాంతరముగా ప్రక్కకు ఈది, ఆ ప్రవాహమును దాటిన పిమ్మట ఒడ్డునకు మరలవలెను. సంగమస్థానమున నదిపాయ అడుగును కోయుచుండుటచే మోకాలిలోతు నీరు రెండడుగులలో నిలువులోతు కావచ్చును. కనుక జాలరులు దిగవచ్చునని చూపినచోటనే, మోకాలిలోతు మించక, పెద్దలు చెంతనుండగా స్నానము చేయవలెను. పోటువేళ ఎప్పుడో, ఆటువేళ ఎప్పుడో వారినే అడిగి తెలిసికొనవలెను. దినమునకు రెండు పోట్లు, రెండు ఆట్లు. అమావాస్యకును పూర్ణిమకును అవి హెచ్చు. మాఘపూర్ణిమ స్నానము సరిగా అట్టి దినముననే వచ్చుచున్నదని మరువరాదు.

నాగాయలంకనుండి పడవలో పోయినచో మడ అడవులను చూడవచ్చును. నా మట్టుకు ఈ యాత్రలో ఇంతకుమించిన వినోదము లేదు. చెట్టు ఉప్పునీటిలో బ్రతుకుటయే వింత. బురదలో గాలి యాడదు గనుక, దాని వేళ్లు భూమిలోనికి గాక పైకి మొలచి, పాతిన మేకులవలె నిలిచి గాలిని పీల్చును. కొన్ని జాతుల మడచెట్లు పీల్చిన ఉప్పును ఆకులగుండా వెలిగ్రక్కును. తిల్లచెట్టు పాలు కంట పడినచో కన్నులకు హాని గనుక కొమ్మలను విరువరాదు. ఈ అడవులు కృష్ణా వన్యప్రాణి సంరక్షణకేంద్రములో చేరియున్నవి. నీట మునిగి చేపలను వేటాడు బావురుపిల్లి ఇచ్చటి నివాసి. అది రాత్రించరము గనుక పడవవారి మాటలలో వినుటయే గాని చూచుట యరుదు. శీతకాలమున కొంగలు మొదలగు నీటిపక్షులు గుంపులుగా వ్రాలును. చలికాలపు చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ తీరమునకెక్కి ఇసుకలో గ్రుడ్లు పెట్టును. అటవీశాఖవారు ఆ గ్రుడ్లను కాపాడి, పిల్లలు వెలువడిన పిదప సముద్రమున విడుతురు.

1977 నవంబరు 19న వచ్చిన తుపానులో సముద్రము ఉప్పెనగా లేచి ఈ దివిసీమపై పడినది. పదివేలమందికి పైగా మరణించిరి. సొర్లగొంది మొదలగు తీరగ్రామములు తుడిచిపెట్టుకొనిపోయినవి. మడ అడవులు అడ్డునిలిచినచోట కెరటము బలము తగ్గెనని ఇచ్చటి పెద్దలు చెప్పుదురు.

ఇక మన ఇంటిలెక్క యొకటి. హొసపేటయొద్ద తుంగభద్ర ఆనకట్టలో 1953లో నీరు నిలుపబడినది. ఆనాడు జలాశయమున సుమారు 133 టి.ఎం.సి.ల నీరు పట్టెడిది. ఇటీవలి కొలతలలో అది సుమారు 106గా తేలినది. తగ్గిన 27 టి.ఎం.సి.ల చోటును ఆక్రమించినది పూడిక. ఒక టి.ఎం.సి. యనగా సుమారు 2 కోట్ల 83 లక్షల ఘనపు మీటర్లు. 27చే గుణించి చూడుడు: 76 కోట్ల ఘనపు మీటర్లకు పైగా మట్టి! ఇది యంతయు దివిసీమకే చేరియుండెడిదని చెప్పరాదు. కొంత త్రోవలోనే మెట్టలు వేసియుండును. దిగువన శ్రీశైలము, నాగార్జునసాగరము తమ వంతు మట్టిని ఆపుచునే యున్నవి. కాని ఆ నేలకు రావలసిన మట్టి తగ్గినదనుట నిశ్చయము. ఉపగ్రహచిత్రములను పోల్చి చూచిన శాస్త్రజ్ఞులు కృష్ణాముఖమున పలుచోట్ల తీరము కోసుకొనిపోవుచున్నదని గుర్తించిరి. మంచినీటి ప్రవాహము తగ్గినపుడు ఉప్పునీరు పాయలలో పైకి ఎగబ్రాకును. మన చేలకు కాలువనీరిచ్చిన ఆనకట్ట మనకు కల్పవృక్షమే. దాని వెల కొంత ఎచ్చట చెల్లించబడుచున్నదో చూచుటకైనను హంసలదీవికి పోవలసియున్నది.

యాత్రకు పుష్యమాఘములు అనుకూలము. ఆశ్వయుజ కార్తికములు తుపానుల కాలము గనుక మానవలెను. త్రాగునీరు వెంట గొనిపోవలెను. తలకు గుడ్డ మరువరాదు. అంతకుముందొక ఆదివారము ఆనకట్టకడకు పోయి ఒక గాజుసీసాలో నీరు పట్టి తెచ్చుకొనుడు. సంగమమున పోటువేళ ఒకసీసాను, ఆటువేళ ఒకసీసాను పట్టుడు. మూడింటిని తరగతిలో సమానముగా పళ్లెములలో పోసి ఎండలో ఆరబెట్టుడు. నీరు ఇగిరిన పిదప ఏ పళ్లెములో ఎంత ఉప్పు, ఎంత మట్టి మిగిలినదో తూచి, మీ విజ్ఞానశాస్త్రపు నోటుపుస్తకములో వ్రాసికొనుడు.