జలుబు వైరస్‌కు టీకా: ఒక సుదీర్ఘ పాఠం

మనకు బదిలీలు కొత్త కాదు. ఉత్తర్వులు రాగానే సామాను సర్దుకుంటాం. టీసీతో పాటు టీకాల కార్డునూ భద్రంగా పెట్టుకుంటాం. ఒక్కో టీకా వెనుక ఎన్నేళ్ల శ్రమ ఉందో మాత్రం ఆ కార్డు చెప్పదు. ఈసారి ఒక కొత్త టీకా కథ తెలుసుకుందాం.

రెస్పిరేటరీ సిన్సిషియల్ వైరస్‌ను క్లుప్తంగా ఆర్‌ఎస్‌వి అంటారు. మనకు సోకితే సాధారణంగా జలుబులా వచ్చి పోతుంది. నెలల పిల్లలకు, వృద్ధులకు మాత్రం ఊపిరి ఆడనంత ప్రమాదం తేగలదు. 1956లో దీన్ని మొదట జలుబు చేసిన చింపాంజీలలో కనుగొన్నారు. ఆ తరువాత పసిపిల్లలలోనూ గుర్తించారు.

ఎదురుదెబ్బ

వైరస్‌ను ఫార్మలిన్‌తో చంపి తయారుచేసిన టీకాను 1966లో అమెరికాలో పసిపిల్లలపై పరీక్షించారు. అది రక్షణ ఇవ్వలేదు సరికదా, జబ్బును మరింత ముదిరేలా చేసింది. వాషింగ్టన్‌లో టీకా పొందాక వైరస్ సోకిన పిల్లల్లో 80 శాతం మంది ఆసుపత్రి పాలయ్యారు. ఇద్దరు మరణించారు. ఆ తరువాత దశాబ్దాలపాటు శాస్త్రవేత్తలు ఆచితూచి అడుగు వేశారు.

రూపం తెలిసింది

ఈ వైరస్ పైభాగంలో 'ఎఫ్' అనే ప్రోటీన్ ఉంటుంది. మన కణంలోకి చొరబడేటప్పుడు అది రూపం మార్చుకుంటుంది. మూసిన గొడుగును మాత్రమే చూసినవారు తెరిచిన గొడుగును గుర్తుపట్టగలరా? పాత టీకా కూడా శరీరానికి ముఖ్యంగా మారిపోయిన రూపాన్నే చూపింది. అందుకే పుట్టిన ప్రతిరక్షకాలు వైరస్‌కు అంటుకున్నా దాన్ని సరిగా ఆపలేకపోయాయి.

2013లో జేసన్ మెక్‌లెల్లన్, బార్నీ గ్రాహం, వారి సహచరులు ఎఫ్ ప్రోటీన్ అసలు రూపాన్ని కనుగొని, అది మారకుండా స్థిరపరిచారు. ఆ దారిలోనే 2023లో అమెరికాలో వృద్ధుల టీకాలకు, తరువాత గర్భిణులకిచ్చే టీకాకు అనుమతి లభించింది. తల్లిలో తయారైన ప్రతిరక్షకాలు కడుపులోని బిడ్డకు చేరి, పుట్టాక తొలి నెలల్లో కాపాడతాయి. ప్రోటీన్ రూపాన్ని స్థిరపరిచే ఈ ఆలోచనే కొన్ని కోవిడ్ టీకాలకూ ఉపయోగపడింది.

ఆ ఇద్దరు పసివాళ్లను ఈ విజయం తిరిగి తేలేదు. కానీ వారికి ఏం జరిగిందో దాచకుండా నమోదు చేసినందువల్లే, ఎందుకు జరిగిందని తరువాతి వారు అడగగలిగారు.

ఆలోచిద్దాం

1. పాత టీకా ఎందుకు విఫలమైంది?
2. పుట్టబోయే బిడ్డ కోసం టీకాను తల్లికి ఎందుకు ఇస్తారు?
3. మన టీకాల కార్డులోని ఒక టీకా కథను సేకరించి తరగతిలో చెబుదాం.