పైరుల ఆత్మరక్షణము – చీడపురుగులు

పైరు నోరులేనిదనియు, కదలలేనిదనియు, పురుగు వచ్చి పడినచో తినబడుట తప్ప దానికి వేఱొక గతి లేదనియు మన కర్షకులలో పెక్కుమంది తలంతురు. ఇది సరికాదు. ఎద్దునకు కొమ్ములవలెనే మొక్కకును తన సాధనములు తనకు గలవు. అవి యెచ్చట నున్నవో, ఎట్లు పనిచేయుచున్నవో, మన పొలములలో కొలదికాలమునకే ఏల మొద్దువారుచున్నవో తెలిసికొనుట విత్తనము కొను ప్రతి రయితునకును అవసరము. కావున ఈ సంచికలో ఆ విషయమును పాఠముగా వివరింప బూనితిమి.

జన్యువనగా నేమి?

తండ్రి పోలిక కొడుకునకు వచ్చినట్లే, తల్లిమొక్క గుణములు విత్తనము ద్వారా పిల్లమొక్కకు వచ్చును. ఈ గుణములను మోసికొనివచ్చు సూక్ష్మభాగములకు జన్యువులని పేరు. మొక్కలోని ప్రతి కణమునందును ఇవి యుండును. గింజ సన్నముగా నుండుట, పైరు త్వరగా కోతకు వచ్చుట ఎట్లు జన్యువులపై ఆధారపడునో, పురుగును తట్టుకొనుటయు అట్లే. అందుచేతనే ప్రక్కప్రక్క మడులలో ఒకే ఎరువు వేసి, ఒకే నీరు పెట్టినను, ఒక రకము మాడిపోవును, మఱియొకటి నిలిచియుండును.

రక్షణలో మూడు విధములు

అమెరికా దేశమున కాన్సస్ రాష్ట్రమునందు పనిచేసిన పెయింటర్ అను కీటకశాస్త్రజ్ఞుడు 1951లో ప్రకటించిన గ్రంథమున ఈ శక్తిని మూడు విధములుగా విభజించెను. మొదటిది, పురుగు మొక్కను ఇష్టపడకుండుట. లేతజొన్న ఆకులు నిగనిగలాడుచు, నూగు కలిగియున్నచో మొవ్వు ఈగ వానిపై గ్రుడ్లు పెట్టుటకు అంతగా మొగ్గు చూపదు. రెండవది, తిన్న పురుగునకు హాని కలుగుట. ప్రత్తి ఆకుపై కానవచ్చు నల్లని చుక్కలలో గాసిపాల్ అను విషపదార్థము గలదు. మూడవది, ఓర్పు. పురుగు తిన్నంత తిన్నను మొక్క తేరుకొని దిగుబడి నిచ్చుట.

కొన్ని సాధనములు ఎల్లప్పుడును సిద్ధముగా నుండును. మఱికొన్ని పురుగు కొఱికిన తరువాతనే పుట్టును. 1972లో అమెరికాలోని రయన్, గ్రీన్ అను శాస్త్రజ్ఞులు టమాటా, బంగాళాదుంప మొక్కలపై పురుగులను వదలి పరీక్షించిరి. కొఱికిన ఆకుననే గాక, పురుగు తాకని ఆకులలో సైతము పురుగు జీర్ణశక్తిని అడ్డగించు పదార్థము చేరుట వారు కనుగొనిరి. ఊరిబయట దొంగ కనబడినచో ఊరెల్ల మేలుకొన్నట్లు, గాయపడిన ఆకునుండి వార్త తక్కిన ఆకులకు ప్రాకును. అంతట నిద్రించుచున్న జన్యువులు మేలుకొని పనికి పూనుకొనును. ఈ పదార్థములను అనుదినము తయారుచేసినచో గింజకు పోవలసిన ఆహారము వ్యయమగును గనుక, అవసరము వచ్చినప్పుడే మొక్క ఈ కర్చునకు ఒడిగట్టును.

ఉల్లికోడు నేర్పిన పాఠము

వరంగల్లు, కరీంనగరు, శ్రీకాకుళము ప్రాంతముల రయితులకు ఉల్లికోడు క్రొత్త కాదు. దోమను పోలిన చిన్న ఈగ ఆకులపై గ్రుడ్లు పెట్టును. వానినుండి వెలువడిన పిల్లపురుగు పిలక మొవ్వునకు చేరి తినుచుండగా, ఆ పిలక ఉల్లికాడవలె గొట్టమై, కంకి వేయక వ్యర్థమగును.

ఈ పురుగును తట్టుకొను గుణము మన పాత నాటువరియగు ఈశ్వరకోరలో కనబడెను. వరంగల్లులో దానిని మరొక రకముతో సంకరపఱచి డబ్ల్యు 1263 అను రకమును తీసిరి. సయాం దేశపు వరియగు సయాం 29 నుండి అట్టి గుణమునే గ్రహించి ఫల్గుణ రకమును తీసిరి. ఫల్గుణలో జరుగు పోరాటము వింతయైనది. పురుగు మొవ్వును చేరగానే అచ్చటి కణములు తామై గోధుమవర్ణమునకు తిరిగి చచ్చును. ఆహారము దొరకక పురుగు నశించును. ఇల్లంటుకొన్నప్పుడు ప్రక్కపాకను పెఱికివైచి ఊరిని కాపాడుకొన్నట్టిది ఈ ఉపాయము. డబ్ల్యు 1263లో నిట్టి మచ్చ కానరాదు, అయినను పురుగు చచ్చును. రెండింటిలోని జన్యువులును వేఱు.

అయితే పురుగునకును జన్యువులు గలవు. కోట్ల పురుగులలో ఏ కొన్నియో ఫల్గుణ రక్షణను దాటగలవిగా పుట్టును. పొలమెల్ల ఫల్గుణయే యైనప్పుడు తక్కినవి చచ్చి, ఈ కొన్ని మాత్రమే సంతతిని పెంచుకొనును. 1980 తరువాతి సంవత్సరములలో శ్రీకాకుళము ప్రాంతమున జరిగినది ఇదియే. అచ్చట క్రొత్త తెగ ఉల్లికోడు తలయెత్తి, ఫల్గుణను లోబఱచుకొనెను. మన దేశమున ఈ పురుగునకు 7 తెగలు గుర్తింపబడినవి. కావుననే ఒక జిల్లాలో నిలిచిన రకము వేఱొక జిల్లాలో ఓడిపోవుచుండును.

సుడిదోమ విషయమును ఇట్టిదే. ఫిలిప్పైన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధనాలయము 1973లో విడుదల చేసిన ఐ.ఆర్. 26 రకము ఒకే జన్యువుతో దోమను తట్టుకొనెను. రెండు మూడు సంవత్సరములలోనే దోమ దానిని జయించెను.

తార్నాక చెంత జరిగిన ప్రయత్నములు

హైదరాబాదులో తార్నాకను ఆనుకొనియున్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమున మొక్కల అణుజీవశాస్త్ర కేంద్రము గలదు. రసము పీల్చు దోమలపై అచ్చటి శాస్త్రజ్ఞులు వేఱొక మార్గము నవలంబించిరి. స్నోడ్రాప్ అను ఐరోపా పూలమొక్కలో లెక్టిన్ అను మాంసకృత్తు గలదు. అది దోమ జీర్ణనాళపు గోడనున్న చక్కెర పదార్థములకు అంటుకొని, ఆహారము ఒంటబట్టకుండ చేయును. దాని జన్యువును చైతన్య, ఫల్గుణ వరులలో ప్రవేశపెట్టి, 2003లో ఫలితములను ప్రకటించిరి. పిమ్మట 2008లో వెల్లుల్లి ఆకునందలి లెక్టిన్ జన్యువును వరిలో చేర్చిన ఫలితములను, 2011లో రెండు జన్యువులను ఒకే మొక్కలో కూర్చిన ఫలితములను వెలువరించిరి. సుడిదోమ, పచ్చదోమ, తెల్లవీపు దోమలు ఈ మొక్కలపై సరిగా పెరుగలేకపోయినవి. జోడు జన్యువుల మొక్కలు ఒంటి జన్యువు మొక్కలకంటె గట్టిగా నిలిచినవి.

ఇవి పరిశోధనాలయపు మొక్కలు మాత్రమే, రయితులకు విడుదలైన విత్తనములు కావు. అన్యజాతి జన్యువును చేర్చిన వరి మన దేశమున సాగునకు అనుమతింపబడలేదు. అట్టి విత్తనమని ఎవరైన అమ్మజూపినచో సభ్యులు నమ్మరాదు.

అన్యజాతి జన్యువు లేకయే, వరి నుండి వరికి గుణమును మార్చు మార్గమును గలదు. తార్నాకకు సమీపమున హబ్సిగూడలోని కణ జీవశాస్త్ర కేంద్రమును, రాజేంద్రనగరులోని వరి పరిశోధన సంస్థయు కలిసి, సాంబమసూరిలో బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకొను 3 జన్యువులను సంకరముచే చేర్చినవి. ఆ రకము 2008లో విడుదలయ్యెను. ఇది తెగులునకు సంబంధించినదైనను, జన్యువుల గుర్తులను పట్టి లేతమొక్కలలోనే కావలసినవానిని ఏరుకొను ఈ పద్ధతియే చీడల విషయమునను ఉపయోగపడుచున్నది.

ప్రత్తిలో జరిగిన నష్టము

2002లో బి.టి. ప్రత్తికి అనుమతి యిచ్చినప్పుడు, చుట్టును 5 వరుసలుగాని, విస్తీర్ణమున 20 పాళ్లుగాని, రెండింటిలో ఏది హెచ్చో అంత మామూలు ప్రత్తిని వేయవలెనని నియమించిరి. దీని కారణమును రయితులకు విప్పి చెప్పినవారు తక్కువ. మామూలు ప్రత్తిపై పెరిగిన పురుగులు విషమునకు అలవాటుపడవు. అవి గట్టిపడిన పురుగులతో జతకూడినచో, వాని సంతతిలో ఆ గట్టితనము సన్నగిల్లును. ఆ నియమమును పాటించినవారు కొలదిమంది. 2010 నాటికే గుజరాతులో గులాబిరంగు కాయతొలుచు పురుగు మొదటి బి.టి. ప్రత్తిని తట్టుకొనెను. తరువాత రెండు జన్యువుల ప్రత్తియు దానికి లోబడెను. విత్తనమునకు హెచ్చు వెల యిచ్చి, మరల మందులకును అప్పుచేసిన కుటుంబముల బాధ మన సభ్యులకు తెలియనిది కాదు.

సంఘములు చేయదగిన పనులు

చెఱువు నీటివలెనే పైరు రక్షణశక్తియు ఊరుమ్మడి సొత్తు. ఒక్క రయితు జాగ్రత్తపడిన చాలదు, అందఱును కలిసి నడువవలెను. కావున సంఘముల కీ క్రింది సూచనలు చేయుచున్నాము.

1. గ్రామమంతయు ఒకే వరిరకము వేయకుండ, వేఱు వేఱు వంశములకు చెందిన రెండు మూడు రకములకు విత్తనము తెప్పింపవలెను.

2. ఏ పొలమున ఏ రకము వేసిరో, ఉల్లికోడు ఎంత కానవచ్చెనో సంఘపు పుస్తకమున వ్రాసియుంచవలెను. తట్టుకొను రకములో గొట్టములు హెచ్చుగా కనబడినచో వెంటనే వ్యవసాయాధికారికి తెలుపవలెను.

3. నాట్లలో ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట విడువవలెను. నత్రజని ఎరువును దఫాలుగా వేయవలెను. ఏపుగా పెరిగి గాలి ఆడని పైరున సుడిదోమ విరివిగా పెరుగును.

4. దోమ కానరాగానే తొందరపడి మందు చల్లరాదు. సాలెపురుగులు దోమను తినును. కొన్ని మందులు వానిని చంపి దోమనే పెంచును. దుబ్బుకు ఎన్ని దోమలున్నవో లెక్కించి, అధికారి సలహాపై మందు వాడవలెను.

5. ప్రత్తి వేయువారు మామూలు ప్రత్తి వరుసలను తప్పక వేయవలెను. ఆఖరు ఏరుడు కాగానే మోళ్లను పీకివేయవలెను.

రాబోవు విత్తనముల కొనుగోలునకు పూర్వమే సభ్యులు సమావేశమై, మొదటి రెండు సూచనలనైనను తీర్మానముగా వ్రాసికొందురని ఆశించుచున్నాము.