అద్దె సైకిలుపై వచ్చిన ఆటగాడు

తాండూరు నుండి వికారాబాదు మీదుగా సాగు రైలుమార్గము సికింద్రాబాదు చేరును. దారిలో తాండూరు నాపరాతి గనులు, మూసీనదికి పుట్టినిల్లయిన అనంతగిరి కొండలు కానవచ్చును. ఈ ప్రాంతపు పాఠశాలలలో సాయంకాలపు గంట మ్రోగినంతనే బాలురు బంతితో మైదానమునకు పరుగిడుదురు. కొందరి కాళ్లకు బూట్లుండవు. అట్టి బాలునికి ఒలింపిక్ క్రీడారంగము ఎంత దూరము? ఆ దూరమును దాటిన బాలుడొకడు ఈ మార్గమున నున్న సికింద్రాబాదు శివారుననే పెరిగెను. అతడే తులసీదాస్ బలరాం.

బలరాం 1936వ సంవత్సరమున సికింద్రాబాదు చేరువనున్న అమ్ముగూడలో జన్మించెను. తలిదండ్రులు తమిళులు. కుటుంబము పేదది. బాలునికి ఫుట్‌బాలుపై మక్కువ మెండు; బూట్లు కొనుటకు మాత్రము పైకము లేదు. పోలీసులు వాడి విడిచిన పాతబూట్లను సంపాదించి, చెప్పులు కుట్టువానిచే ఆటకు తగినట్లు మార్పించుకొని అతడు మైదానమున దిగెను. ఆ రోజులలో ఇది వింతగాదు. 1948లో లండను నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో మన దేశపు ఆటగాండ్రలో పెక్కురు వట్టికాళ్లతోనే ఆడిరి.

నాడు హైదరాబాదు ఫుట్‌బాలునకు పేరుపొందిన నగరము. ఆ నగరపు పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరములు బొంబాయిలో రోవర్స్ కప్పును గెలుచుకొనెను. ఆ జట్టునకు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన తొలుత బడిపంతులు. పాఠము చెప్పు నేర్పుతోనే ఆటను నేర్పెడివాడు. పిల్లలకు ఆయన పెట్టించిన పోటీలు విచిత్రములు. ఒకదానిలో, అలవాటులేని కాలితోనే బంతిని తన్నవలెను. మరియొకదానిలో, బంతిని తనయొద్దనే ఉంచుకొని ప్రత్యర్థులను తప్పించుకొనుచు పోరాదు. వెంటనే తోడివానికి అందింపవలెను. మొదటిదానివలన రెండు కాళ్లకును సమానమైన నేర్పు అలవడును. రెండవదానివలన ఆట ఒక్కనిది కాదను జ్ఞానము కలుగును.

ఈ రహీం కంట బలరాం పడెను. సంతోష్ ట్రోఫీ పోటీలకు ఆటగాండ్రను ఎన్నుకొను సందర్భమున, శిక్షణకు రమ్మని ఆయన యువకుని పిలిచెను. అమ్ముగూడ నుండి నగరమునకు వచ్చిపోవుటకు తనయొద్ద పైకము లేదని బలరాం దాపరికము లేక విన్నవించెను. రహీం అతనిని విడిచిపెట్టలేదు. సైకిలు అద్దెకు కావలసిన పైకమును తానే ఇచ్చెను. నాటినుండి బలరాం అద్దె సైకిలుపై మైళ్లకొలది త్రొక్కుకొనుచు వచ్చి శిక్షణ పొందెను. 1956లో హైదరాబాదు జట్టు బొంబాయిని ఓడించి సంతోష్ ట్రోఫీని గెలిచెను. ఆ యేడే మెల్బోర్ను ఒలింపిక్ క్రీడలకు వెళ్లిన భారత జట్టులో బలరాంనకు చోటు దొరకెను. ఆ క్రీడలలో భారతదేశము నాలుగవ స్థానమును పొందెను. ఒలింపిక్ ఫుట్‌బాలులో మన దేశము అంతకు మించిన స్థానమును పొందలేదు.

1957లో బలరాం కలకత్తా చేరి ఈస్ట్ బెంగాల్ జట్టులో ఆడనారంభించెను. 1961లో ఆ జట్టునకు నాయకుడయ్యెను. గోలు చేయుటయే గాక, గోలు చేయు అవకాశమును తోడివానికి కల్పించుటయందును అతడు నేర్పరి. 1960 రోము ఒలింపిక్ క్రీడలలో మన జట్టు హంగరీ, ఫ్రాన్సు, పెరూ దేశములతో తలపడెను. బలశాలియైన హంగరీ 2-1 తేడాతో మాత్రమే గెలువగలిగెను. మనవారి ఆ ఒక్క గోలును చేసినవాడు బలరాం. పెరూతో జరిగిన ఆటలోను మన పక్షమున గోలు అతనిదే.

1962లో జకార్తా నగరమున ఆసియా క్రీడలు జరిగెను. తొలి ఆటలోనే భారత జట్టు దక్షిణ కొరియాచేతిలో ఓడెను. అయినను ధైర్యము వీడక తుదిపోటీకి చేరి, లక్షమంది ప్రేక్షకుల ఎదుట ఆ కొరియానే 2-1 తేడాతో ఓడించి స్వర్ణపతకమును సాధించెను. చునీ గోస్వామి నాయకుడు, పి.కె. బెనర్జీ, బలరాం అతనికి కుడిఎడమ భుజములవంటివారు. శిక్షకుడు రహీం అప్పటికే వ్యాధిగ్రస్తుడు. తన బోధన ఫలించుటను ఆయన కన్నులార చూచెను. ఆ యేడు బలరాంనకు అర్జున పురస్కారము లభించెను.

కాని మరుసటి యేడు విషాదమును తెచ్చెను. 1963 జూన్ నెలలో రహీం కాన్సరు వ్యాధితో మరణించెను. ఆ సంవత్సరముననే ఊపిరితిత్తుల జబ్బు బలరాంను పట్టుకొనెను. ఇంకను ఎన్నియో యేండ్లు ఆడదగిన ప్రాయమున అతడు పెద్ద పోటీలనుండి విరమింపవలసివచ్చెను. గురువును, ఆటను ఒక్క యేటనే కోల్పోయిన ఆ యువకుని దుఃఖము ఊహింపదగినది. పిదప ఆయన రైల్వే ఉద్యోగముతో జీవించి, బాలురకు ఆట నేర్పి, హుగ్లీ తీరమున నున్న ఉత్తరపారలో నిరాడంబరముగా కాలము గడపెను. పద్మ పురస్కారము ఆయనకు లభింపలేదు. 2023 ఫిబ్రవరి 16వ తేదీన, 86వ యేట ఆయన కన్నుమూసెను.

బలరాం పేదరికమును దాచుకొనలేదు. దానిని సాకుగాను చేసికొనలేదు. కష్టమును ఉన్నదున్నట్లు చెప్పెను, సాయమందినంతనే శ్రమించెను. రహీం కేవలము పిల్లవాని ఆటను చూచి ఊరకుండలేదు. వాడు రాలేకుండుటకు కారణమును తెలిసికొని దానిని తొలగించెను. సైకిలు అద్దె స్వల్పమే. అది సమయమునకు అందకున్నచో మన దేశము ఒక మహాక్రీడాకారుని ఎరుగకయే యుండెడిది.